తాతగారి పద్మినికి పాత రంగే కావాలంటే

మీరు అడిగినది ఇది: విశాఖ లాసన్స్ బే కాలనీలో మీ తాతగారి 1975 ప్రీమియర్ పద్మిని ఉంది, లేత ఆకుపచ్చ రంగు. ఎడమ ముందు మడ్‌గార్డు మీద, హెడ్‌లైటు వెనక, రంగు బుడగలు కట్టింది. అదే వైపు తలుపు అడుగున వేలు దూరేంత చిల్లు పడింది. మిగతా ఒంటికి రంగు వెలిసినా గట్టిగానే ఉంది. షెడ్డు మేస్త్రి మాత్రం ముక్కలుగా వేస్తే రంగు కలవదని, మొత్తం గీకి కొత్తగా పీయూ (పాలీయురేథేన్, రెండు డబ్బాలు కలిపి వేసే రకం) పెయింట్ వేద్దామని అన్నారు. ఆ రెండు చోట్లే బాగుచేసి మిగతాది ముట్టుకోకుండా ఉండవచ్చా అని మీ సందేహం.

ఉండవచ్చు. నేనైతే అదే చేస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా ఓడలకు రంగులు వేయించాను, ఆ తరువాత ఇంటి వెనక షెడ్డులో పాత కార్లు చూసుకుంటున్నాను. మీ మేస్త్రి అన్నదాంట్లో సగం నిజం ఉంది. 1975లో కుర్లా ఫ్యాక్టరీలో వాడిన రంగును ఈ రోజు అచ్చంగా తయారు చేసి ఆ మడ్‌గార్డు మీద వేస్తే కలవనే కలవదు. ఎందుకంటే మీ కారు ఇప్పుడు ఆ రంగులో లేదు. యాభై ఏళ్ళ ఎండలో బానెట్ ఒక ఛాయకు వచ్చింది, తలుపులు మరో ఛాయకు, డిక్కీ మూత ఇంకో ఛాయకు. మీకు కావలసింది కంపెనీ రంగు కాదు, ఆ మడ్‌గార్డు పక్కనున్న తలుపు ఈ రోజు ఏ రంగులో ఉందో ఆ రంగు. కోడ్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికే సమయాన్ని తలుపు దగ్గర నిలబడి చూడటానికి వాడండి.

అంతకంటే ముందు, అది నిజంగా పాత రంగేనా అన్నది తేల్చుకోండి. మన ఊళ్ళో యాభై ఏళ్ళ బండికి మధ్యలో రంగు పడకుండా ఉండటం అరుదు. హుద్‌హుద్ తుపాను ఒక్కటి చాలు. 2014 అక్టోబరు తరువాత చెట్టు కొమ్మ పడని, రేకు తగలని పాత బండిని ఈ ఊళ్ళో నేను పెద్దగా చూడలేదు. బుడగ ఉన్న చోట ఎలాగూ గీకాలి కనుక, దాని అంచును 600 నంబరు వాటర్ పేపరుతో, నీళ్ళు పోస్తూ మెల్లగా అరగదీయండి. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు వలయాలుగా బయటపడతాయి. రేకు, ప్రైమరు, ఆకుపచ్చ, అంతే ఉంటే మీరు అదృష్టవంతులు. ఆకుపచ్చ కింద బూడిదరంగు సర్ఫేసరు (రంగుకు ముందు చదును కోసం వేసే పొర), దాని కింద మళ్ళీ ఇంకో ఆకుపచ్చ కనిపిస్తే ఎవరో ఒకసారి వేయించారన్నమాట. డిక్కీ రబ్బరు బీడింగు ఎత్తి దాని కింద, నంబరు ప్లేటు వెనక, డ్యాష్‌బోర్డు కింది రేకు మీద ఉన్న రంగుతో దీన్ని పోల్చండి. ఎండ తగలని ఆ చోట్లలో ఉన్నదే అసలు రంగు. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళంతా తిప్పితే, ఎక్కడ పట్టు సడలుతుందో అక్కడ లప్పం మందంగా ఉందని అర్థం. పొర మందాన్ని మైక్రాన్లలో చూపే మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా మంచిది. ఒక తలుపు 120 చూపి పక్క తలుపు 350 చూపితే ఆ రెండో తలుపు కథ వేరు.

తరువాతది థిన్నరు పరీక్ష. కనిపించని చోట, తెల్ల గుడ్డకు కాస్త ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నరు తడిపి అర నిమిషం అద్దండి. రంగు హాయిగా కరిగి గుడ్డకు వచ్చేస్తే అది నైట్రోసెల్యులోజ్, మన మేస్త్రీలు డ్యూకో అనేది. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే రెండు డబ్బాలు కలిపి వేసే రకం, అంటే తరువాతి కాలంలో ఎవరో వేయించినది. ఈ ఒక్క నిమిషం పనిని చాలామంది వదిలేస్తారు. ఎనామెల్ మీద డ్యూకో వేసి, ఆ ఘాటు థిన్నరుకు పాత రంగు ఎండిన టమాటా తొక్కలా లేచిపోయాక నా దగ్గరకు వచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇక శుభ్రం చేయడం. మాసిన తలుపుకు రంగు కలిపితే మీరు కలిపింది మాసిన రంగు అవుతుంది. ముందు మంచినీళ్ళతో కడిగి, క్లే బార్‌తో, అంటే రంగులో దిగిన ధూళిని లాగేసే బంకమన్ను లాంటి ముద్దతో, రుద్దండి. పోర్టు వైపు తిరిగిన బండి అయితే ఇనుప ఖనిజం ధూళి రంగులోకి దిగి గోధుమరంగు చుక్కలుగా ఉంటుంది, అది ఒట్టి సబ్బుకు రాదు. ఆపైన తలుపు మీద అరచేయంత మేర సన్నరకం పాలిష్‌తో చేత్తోనే రుద్దండి. గుడ్డకు ఆకుపచ్చ అంటితే సంతోషించండి, పైన క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పొర) లేని ఒంటి పొర రంగు అని తేలిపోయింది. పైనున్న సుద్దలాంటి పొర పోయి లోపలి ఛాయ బయటపడుతుంది. మనం కలపవలసింది ఆ ఛాయకు. మెషీను మాత్రం పెట్టకండి. తలుపు మడతల మీద, అంచుల మీద రంగు చాలా పలచగా ఉంటుంది, రెండు చుట్లకే ప్రైమరు కనిపిస్తుంది. మరొకటి, కిరోసిన్ గుడ్డతో తుడిచే అలవాటు, తళతళ కోసం సిలికాన్ స్ప్రేలు కొట్టే అలవాటు మీ డ్రైవరుకు ఉంటే ఈ రోజే మాన్పించండి. ఆ జిడ్డు మిగిలిన చోట కొత్త రంగు నిలవదు, చేప కళ్ళలా గుంటలు పడుతుంది.

రంగు కలపడం దగ్గరికి వద్దాం. మిషను ఉన్న దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ పెట్రోలు ట్యాంకు మూత తీసుకెళ్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది తలుపుకంటే వేరే ఎండ తిన్నది. కారునే తీసుకెళ్ళండి, లేదా చేతిలో పట్టుకునే రంగు కొలిచే పరికరం ఉన్నవారిని పిలవండి. దాన్ని పాలిష్ చేసిన చోటే, మూడు నాలుగు చోట్ల ఆనించి సగటు తీయించండి. మీది మెటాలిక్ కాదు కనుక ఆ పరికరం బాగానే చెబుతుంది. అయితే అది ఇచ్చే లెక్క మొదటి మెట్టు మాత్రమే. అక్కడి నుంచి కంటి పని.

లేత ఆకుపచ్చ అంటే ముప్పాతిక పైగా తెలుపే. అందులో కొంచెం థాలో ఆకుపచ్చ (చాలా గాఢమైన ఆకుపచ్చ రంగు పొడి), కొంచెం పసుపు ఆక్సైడ్, నలకంత నలుపు. థాలో చాలా గడుసుది. పావు లీటరు డబ్బాలో రెండు చుక్కలు ఎక్కువైతే దాన్ని వెనక్కి తేవడానికి లీటరు తెలుపు పోయవలసి వస్తుంది. అందుకే అసలు డబ్బాలో ఎప్పుడూ కలపను. వంద గ్రాములు వేరే తీసి, 0.1 గ్రాము చూపే త్రాసు మీద పెట్టి, అగ్గిపుల్ల కొనతో వేస్తూ, వేసిన ప్రతిసారీ కాగితం మీద రాసుకుంటాను. పాత ఎనామెల్ కాలక్రమంలో పసుపెక్కుతుంది కనుక సాధారణంగా పసుపు ఆక్సైడ్ వైపు ఒకడుగు వేయాలి. రంగు మరీ పచ్చిగా, కొత్తగా మెరుస్తూ ఉంటే దాన్ని అణచడానికి కొత్తవాళ్ళు నలుపు వేస్తారు. నలుపు పసుపుతో కలిస్తే పాచి ఆకుపచ్చ వస్తుందని అప్పుడు తెలుస్తుంది. ఆకుపచ్చను అణచాలంటే దాని ఎదురు రంగు, అంటే ఎర్ర ఆక్సైడ్, ఒక్క చుక్క చాలు.

డబ్బాలో తడిగా చూసి ఒప్పుకోకండి. మెటాలిక్ కాని ఇలాంటి రంగులు ఆరాక ఒక మెట్టు ముదురుతాయి. ప్రతి మార్పునూ ప్రైమరు వేసిన చిన్న రేకు ముక్క మీద స్ప్రే గన్నుతోనే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, పాలిష్ చేసి, అప్పుడు తలుపు మీద ఆనించి చూడండి. బ్రష్షుతో పూసిన ముక్క వేరే రంగు చూపుతుంది. రేకు ముక్క మధ్యలో చిన్న రంధ్రం చేసి పెట్టుకుంటే, ఆ రంధ్రంలోంచి కనబడే తలుపు రంగు, చుట్టూ ఉన్న మీ రంగు పక్కపక్కనే ఉంటాయి. రంధ్రం మాయమైనట్టు అనిపించే వరకు పని కాలేదన్నమాట. నాకు సాధారణంగా ఏడెనిమిది ముక్కలు పడతాయి. ఒక క్రీమ్ రంగు అంబాసిడర్‌కు పందొమ్మిది పట్టాయి.

ఎక్కడ నిలబడి చూస్తారన్నది కూడా లెక్కే. మామిడిచెట్టు కింద చూస్తే అన్నీ ఆకుపచ్చగానే కలిసిపోతాయి, ఎర్ర గోడ పక్కన దేనికీ పొంతన కుదరదు. మీరు వేసుకున్న రంగు చొక్కా కూడా తలుపులో ప్రతిఫలిస్తుంది, తెల్లదో బూడిదరంగుదో వేసుకోండి. ఈ పాఠం నేను ఊరికే నేర్చుకోలేదు. కార్లు మొదలుపెట్టిన కొత్తలో ఒక నీలం స్టాండర్డ్ హెరాల్డ్ వెనక మడ్‌గార్డుకు రాత్రి పదింటి దాకా ట్యూబులైటు కింద రంగు కలిపి, అద్భుతంగా కుదిరిందనుకుని వేసేశాను. మర్నాడు యజమాని బీచ్ రోడ్డు మీద నిలిపి ఫోటో తీస్తే మడ్‌గార్డు ఊదారంగులో ఉంది. వేర్వేరు రంగు పొడులతో చేసిన రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగా, మరో వెలుగులో రెండుగా కనిపించడం సహజమే. పాత కాలపు పొడులు ఇప్పుడు అన్నీ దొరకవు కనుక ఈ తేడాను పూర్తిగా తప్పించలేం. నేనిప్పుడు ఉదయం తొమ్మిదికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం నీడలో ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తాను. మూడింటిలోనూ బాగుంటేనే సరే. ట్యూబులైటు కింద కాస్త తేడా ఉంటే ఉండనిస్తాను, కారును ఎవరూ ట్యూబులైటు కింద నడపరు.

ఇంతకంటే ముఖ్యమైనది, మీ మేస్త్రి అసలు ప్రస్తావించనిది, తుప్పు. సముద్రానికి అంత దగ్గరలో ఉన్న బండికి బుడగ వచ్చిందంటే రంగు తప్పు కాదు, లోపలి నుంచి ఉప్పు తిన్నది. హెడ్‌లైటు వెనక మడ్‌గార్డు లోపలి భాగాన బురద పేరుకుని ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోతే తలుపే తొట్టి అవుతుంది. పైపైన గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసి లప్పం పెడితే వచ్చే వానాకాలానికి అదే చోట బుడగ లేస్తుంది.

మడ్‌గార్డు బోల్టులు విప్పి తీయించండి, లోపలి వైపు చూడకుండా పని మొదలు పెట్టవద్దు. తలుపు చిల్లును ఫైబరుతో మూయించకండి. కుళ్ళిన రేకును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసి, 20 గేజీ రేకు ముక్కను వెల్డింగు చేయించండి. గబగబా ఒకే గీతలా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలుగా, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి, లేకపోతే తలుపు అలలు తేలుతుంది. ఇసుక బ్లాస్టింగు ఓడకు మంచిది, కారు పైరేకుకు కాదు. ఒంపు తిరిగితే మళ్ళీ సరిచేయడం టింకరింగ్ మేస్త్రికి గండమే.

ఇనుము తెల్లగా తేలాక, ఓడల మీద మేము తప్పక చేసిన పని ఒకటి ఉంది, కార్ల షెడ్లలో ఎవరూ చేయరు. కడగడం. తుప్పు గుంటల అడుగున ఉప్పు ఉంటుంది, అది గీకితే పోదు. మంచినీళ్ళతో, గట్టి బ్రష్షుతో మూడు నాలుగు సార్లు కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ప్రయోజనం లేదు, తాగే నీళ్ళు వాడండి. ఆ రాత్రి అలా వదిలేసి పొద్దున చూడండి. గుంటల్లో గోధుమరంగు చుక్కలు పొడిస్తే ఉప్పు ఇంకా ఉంది, మళ్ళీ కడగాలి. చుక్కలు లేకపోతే సన్న పేపరుతో ఒకసారి రుద్ది అదే రోజు ఎపాక్సీ ప్రైమరు పడాలి. రెడ్ ఆక్సైడ్ వద్దు, అది చెమ్మను పీల్చుకుంటుంది. పాలిస్టర్ లప్పం ఎపాక్సీ మీదే పెట్టాలి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. దాన్ని పొడిగానే రుద్దాలి. నీళ్ళతో రుద్దితే లప్పం ఆ నీళ్ళు తాగి లోపల దాచుకుంటుంది, మళ్ళీ బుడగే. పాత రంగు పొరలను మాత్రం తడి పేపరుతోనే రుద్దండి, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల దాకా వెళ్తుంది.

రోజు ఎంచుకోవడం మన ఊళ్ళో సగం పని. ఓడల దగ్గర ఒక నియమం ఉండేది. గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కంటే ఇనుము కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున ఆ ఉష్ణోగ్రత 26 దాకా ఉంటుంది. అంటే నీడలో ఉన్న రేకుకు మిగిలే వెసులుబాటు ఒక్క డిగ్రీ. అదే సంక్రాంతి దాటాక, 28 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం అది 20 లోపే. డ్యూకోకైతే ఇది మరీ ముఖ్యం. థిన్నరు వేగంగా ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ దానిమీద వాలి రంగు పాలుపోసినట్టు తెల్లబారుతుంది. థిన్నరు ఎగిరిపోవడాన్ని నెమ్మది చేసే రిటార్డరు కలిపితే కొంత తగ్గుతుంది కానీ శ్రావణంలో వేసే రంగును రిటార్డరు కాపాడదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మంచు ఆరాక పదింటికి మొదలుపెట్టి, సముద్రం గాలి బలపడేలోగా ముగించేయండి. సముద్రం వైపు తలుపులు మూసి ఉంచండి.

ఏ రంగు వేయాలన్నది థిన్నరు పరీక్షను బట్టి. పాతది డ్యూకో అయితే డ్యూకోనే వేయమంటాను. కొత్త పొర పాత పొరను కొంచెం కరిగించుకుని అందులో కలిసిపోతుంది కనుక అంచు కనబడకుండా తేల్చేయడం తేలిక, రేపు గీత పడినా ఆ గీత వరకే సరిచేసుకోవచ్చు. పాతది ఎనామెల్ అయితే రెండు డబ్బాల పీయూ వేయవచ్చు, కానీ ఒంటి పొరది, రంగులోనే మెరుపు ఉన్నది. రంగు వేసి పైన క్లియర్ కోటు వేస్తామంటే ఒప్పుకోకండి. ఛాయ అచ్చంగా కుదిరినా, ఆ మడ్‌గార్డు సీసా గాజులా మెరిసి పక్కనున్న తలుపును ముసలిదాన్ని చేస్తుంది.

మడ్‌గార్డు విడి భాగం కనుక మొత్తం వేసి తలుపు సందు దగ్గర ఆపేయవచ్చు. పైన బానెట్‌తో కాస్త తేడా ఉంటే పట్టించుకోకండి, బానెట్ అసలే ఎక్కువ వెలిసి ఉంది, మలుపు దాటిన తేడాను కన్ను క్షమిస్తుంది. పక్కనున్న తలుపుతో పోలిక తప్పితే మాత్రం వీధి చివరి నుంచే తెలుస్తుంది. తలుపు అడుగు భాగానికి, కింది నుంచి మొదటి మడత గీత దాకా రంగు నిండుగా వేసి, ఆ పైన థిన్నరు ఎక్కువ కలిపి పలచబరుస్తూ తేల్చాలి. చివరలో 2000 పేపరుతో మొత్తం చదును చేసేయకండి. మీ తలుపును ఏటవాలుగా చూస్తే బత్తాయి తొక్క లాంటి సన్నని గరుకు కనిపిస్తుంది, ఫ్యాక్టరీ నుంచే వచ్చినది. కొత్త ముక్క అద్దంలా ఉండి పాతది తొక్కలా ఉంటే రంగు కుదిరినా మోసం బయటపడుతుంది. గన్ను గాలి కాస్త తగ్గించి ఆ గరుకును తెప్పించవచ్చు, రేకు ముక్కల మీద దాన్ని కూడా సాధన చేయించండి. డ్యూకో అయితే నెల రోజులు పాలిష్ పెట్టకండి, అది కుంగుతూ ఉంటుంది.

పీయూ వేసేటప్పుడు గుడ్డ మాస్కుతో సరిపెట్టే మేస్త్రీ అయితే పని ఆపండి. దాని గట్టిపరిచే ద్రవంలో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు శాశ్వతంగా ఉబ్బసం తెచ్చిపెడతాయి, బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉండాలి. నాతో పనిచేసిన ఒకతను నలభై ఏళ్ళు నిండకుండానే గన్ను వదిలేయవలసి వచ్చింది.

మీరు అడగని ఒక విషయం. 2021 నుంచి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం మార్చని బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా చేయిస్తే రుసుము 20,000 రూపాయలు. రోజువారీ తిరుగుళ్ళకు ఆ బండి పనికిరాదు, కనుక మీరు దాన్ని వాడుతూ ఉండాలనుకుంటే తొందరపడకండి. ఎలాగైనా ఆర్‌సీలో రాసిన రంగు మారకుండా ఉండటం మీకే మంచిది.

ఇప్పుడు వర్షాలు కనుక రంగు పని మొదలు పెట్టలేరు. ఈలోగా తలుపుల అడుగున ఉన్న రంధ్రాలను సన్నని వెదురు పుల్లతో పొడిచి తెరవండి, ఇనుప తీగ వాడకండి, లోపలి రంగు గీసుకుపోతుంది. మడ్‌గార్డు లోపలి బురదను మంచినీళ్ళ పైపుతో కడిగేయండి. ఆరాక ఆ చిల్లు చుట్టూ కాస్త గ్రీజు పూయండి. ప్లాస్టిక్ కవరు కప్పి ఉంటే తీసేయండి, దాని కింద చెమ్మ ఆరదు. నూలు గుడ్డ కప్పండి, లేదా ఏమీ కప్పకుండా నీడలో ఉంచండి.